తిరుపతి నుంచి బందరు దాకా, సముద్రం ఒడ్డెంబడి ఫ్యామిలీతో కారులో ఎలా పోవాలి?

సెలవలొస్తే మా వీధిలో ఇదే కథ. "బీచ్‌కి పోతాండామన్నా" అంటారు, ఏ బీచ్ రా అంటే మహాబలిపురం. పూజ, టిఫిను, పక్కింటోళ్ళకి తాళాలిచ్చేది అన్నీ అయ్యి తొమ్మిదిన్నరకి కదిలి, పుత్తూరు నగరి దాటేలోపే ఎండెక్కి, ఒంటిగంటకి కాలే ఇసకలో పిలకాయల్ని దింపి, రాత్రి పదింటికి వాంతులు చేసుకుంటున్న వాళ్ళని వేసుకుని ఇంటికొస్తారు. దీన్ని ట్రిప్పంటే నేనొప్పుకోను. పల్లవుల శిల్పాలకి నేనేం వంక పెట్టట్లేదు, అక్కడికి పోతే రెండు రాత్రులుండేలా పోండి, అంతే.

ఇప్పుడు చెప్పేది ఉత్తరం రూటు. శ్రీకాళహస్తి, నాయుడుపేట, నెల్లూరు, ఒంగోలు దాకా మామూలే, ఒంగోలు దగ్గర మాత్రం 16 నంబరు హైవే వదిలేసి 216 పట్టుకోవాలి. అది చీరాల, బాపట్ల, రేపల్లె మీదుగా బందరు పోతుంది. మొత్తం 400 కిలోమీటర్ల పైచిలుకు. మూడు రాత్రులు, నాలుగు రోజులు. రెండు రోజుల్లో అయిపోదా అని అడిగేవాళ్ళుంటారు, అవుతుంది, కారులో కూర్చోని కిటికీలోంచి చూస్తే.

ఎప్పుడు, ఏం తీసుకుని

జనవరి, ఫిబ్రవరి. ఇంకో మాట లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుపాన్ల భయం, 1977 నవంబరు 19న దివిసీమని ముంచేసింది కూడా ఆ సీజన్లోనే. ఎండాకాలం గురించి చెప్పేదేముంది, పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లకి వేట నిషేధం, చేపల కోసం పోయేవాళ్ళకి ఆ ముచ్చటా తీరదు.

టైర్లలో గాలి (స్టెప్నీలో కూడా), ఫాస్టాగ్‌లో డబ్బులు, మందులు, పాత దుప్పటి, టవళ్ళు. దారికి చిత్రాన్నం మాత్రమే కట్టుకోండి, పెరుగన్నం వద్దు, మధ్యాహ్నానికి పులిసిపోయి కారంతా అదే వాసన. పైన క్యారియర్ కట్టొద్దు. ఇంకో రెండు వస్తువులున్నాయి, మూత గట్టిగా బిగిసే ఖాళీ అయిదు లీటర్ల క్యాను ఒకటి, పది పన్నెండు మీటర్ల నైలాన్ తాడు ఒకటి. ఎందుకో కింద చెప్తా, ఇప్పటికి డిక్కీలో పెట్టేయండి.

మొదటి రోజు

నాలుగున్నరకి ఇంజను స్టార్ట్ అయిపోవాల. దేవుడికి దండం రాత్రే పెట్టుకోండి. నాయుడుపేట దగ్గర చెన్నై వైపు కాస్త వెనక్కి తిరిగితే దొరవారిసత్రం పక్కన నేలపట్టు పక్షుల కేంద్రం వస్తుంది. చెరువులో నీళ్ళల్లో నిలబడిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు పెట్టుకుని ఉంటాయి, పొద్దున్నే పోతే ఆ గోల వినాలి మీరు. గంట చాలు. నెల్లూరులో టిఫిను, ఒంగోలులో భోజనం.

ఒంగోలు దాటి 216 ఎక్కాక చినగంజాం దగ్గర ఉప్పు మడులు కనపడతాయి, అక్కడ్నించి సముద్రం వైపు తిరిగితే మోటుపల్లి. చాలామంది ఈ ఊరి పేరు కూడా వినుండరు. చిన్న పల్లె, వీరభద్రుడి గుడి, అంతే అనిపిస్తుంది. కాకతీయుల కాలంలో ఇది పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఇక్కడిదే. అందులో ఉండే విషయం పిలకాయలకి చెప్పండి, కథలా వింటారు. అంతకు ముందు రాజులు గాలివానకి కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవాళ్ళంట, ఈయన మాత్రం రావలసిన సుంకం తప్ప ఇంకేం ముట్టనని రాయి మీద చెక్కించి మాటిచ్చాడు. మా అబ్బోడు అప్పుడు అయిదో క్లాసు, "అంటే ఓడలు అంత ఎక్కువ పగిలిపోయేవా నాయనా?" అన్నాడు. ఆ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, రేపు పొద్దున మీరు దిగబోయేది ఆ సముద్రంలోనే.

రాత్రికి చీరాలలో రూము.

సముద్రంలో దిగేటప్పుడు (మిగతాది వదిలేసినా ఇది పూర్తిగా చదవండి)

మనం కొండ కింద పుట్టి పెరిగినోళ్ళం. మనకి నీళ్ళంటే కపిలతీర్థం, కోనేరు, తలకోన. మెట్లుంటాయి, గొలుసుంటుంది, లోతెంతో ఎవడో ఒకడు చెప్తాడు. సముద్రానికి అవేం లేవు, అయినా మనోళ్ళు కోనేట్లో దిగినట్టే దిగుతారు, మూడు మునకలేసి ముక్కు మూసుకుని సూర్యుడికి దండం పెడుతూ నిలబడతారు. ప్రతి ఏడూ కార్తీకంలోనో సెలవల్లోనో ఏదో ఒక బీచ్ నుంచి చెడ్డ వార్త వస్తానే ఉంటుంది, ఈత రానివాళ్ళే కాదు, బావుల్లో బాగా ఈత కొట్టినోళ్ళు కూడా పోతారు.

చీరాలకి దగ్గర్లో వాడరేవు, బాపట్లకి దగ్గర్లో సూర్యలంక, రెండిట్లో ఏదైనా సరే, సూర్యోదయానికి అక్కడుండాలి, ఎనిమిదిన్నరకి బయటికొచ్చేయాలి. సాయంత్రం స్నానం మా ఇంట్లో నిషేధం. చీకటి పడుతుంటే తలకాయలు లెక్క పెట్టలేం.

పొయ్యీ పొయ్యంగానే దిగొద్దు. పది నిమిషాలు ఒడ్డున నిలబడి ఊరికే చూడండి. అలలు విరిగి తెల్లగా నురగొస్తా ఉంటుంది కదా, ఆ నురగ మధ్యలో ఒక్కచోట గాడి తీసినట్టు అల విరక్కుండా, నీళ్ళు కాస్త ముదురు రంగులోనో మట్టిరంగులోనో నిదానంగా కనపడతాయి. ఇక్కడే అందరూ బోల్తా పడేది. "ఇక్కడ అలలు లేవు, పిలకాయలకి బాగుంటుంది" అని సరిగ్గా అక్కడే దింపుతారు. అల ఒడ్డుకి తెచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పొయ్యే దారి అది. పైకి నిదానంగా ఉంటుంది, కాళ్ళ దగ్గర లాగుతుంటుంది, అడుగున లోతు కూడా ఎక్కువుంటుంది. పిలకాయల్ని ఆడించాల్సింది చిన్న చిన్న అలలు బాగా విరిగి, పల్చగా పరుచుకునే చోట. ఈ గాడి నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు, కాబట్టి పోయినసారి ఇక్కడే స్నానం చేసినాం అనేది లెక్కలోకి రాదు.

చూసినా అర్థం కాలేదనుకోండి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళని అడగండి. "అన్నా, ఈరోజు ఎక్కడ దిగొచ్చు?" అంటే చెయ్యి చాపి చూపిస్తారు. వద్దన్నారంటే వద్దు. పోలీసులు వద్దన్నా అంతే, అంతదూరం నుంచి వచ్చినాం సార్ అని బతిమలాడొద్దు.

లోతు మోకాలు దాకా. ఎవరి మోకాలు? పిల్లోడి మోకాలు, మీది కాదు. అల వచ్చేసరికి ఆ మోకాలు నడుమవుతుంది.

చెయ్యి పట్టుకునేది వేళ్ళతో కాదు. ఇది నాకు వాడరేవులో తెలిసొచ్చింది. మా బామ్మర్ది కొడుకు, ఏడేళ్ళోడు, నా చూపుడువేలూ మధ్యవేలూ పట్టుకుని గెంతుతున్నాడు, అల వెనక్కి పొయ్యేటప్పుడు వాడి మడమల కింద ఇసక జారింది, చల్లగా నూనె రాసినట్టు వాడి వేళ్ళు నా వేళ్ళలోంచి ఒక్కోటే జారిపోయినాయి. పడిపోయి దొర్లినాడు, రెండో అలకి నేనే చొక్కా కాలరు పట్టి లాగినా. మొత్తం అయిదారు సెకన్లు కూడా ఉండదు. వాడు నవ్వుతానే ఉన్నాడు, నాకు మాత్రం రూముకొచ్చి కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది. అప్పట్నుంచి మణికట్టే పట్టుకునేది. మీ చెయ్యి వాడి మణికట్టు చుట్టూ, వాడి చెయ్యి మీ మణికట్టు చుట్టూ. ఒక పెద్దమనిషికి ఒక్క పిల్లోడు, ఇద్దరు కాదు. ఇంట్లోవాళ్ళలో ఒకరు పొడిబట్టల్తో ఒడ్డునే ఉండి లెక్కపెడుతుండాలి, వాళ్ళ చేతిలో ఫోను ఉండకూడదు. ఫోటోలు బయటికొచ్చాక తీసుకోండి. సముద్రానికి వీపు చూపించి నిలబడి ఫోటో దిగేవాళ్ళని చూస్తే నాకు కేకెయ్యాలనిపిస్తుంది, చాలాసార్లు వేసినా కూడా. ఇక ఆడవాళ్ళు చీరల్తో దిగొద్దు, తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది, చుడీదారు నయం. గాలి నింపే రబ్బరు చక్రాలు అసలొద్దు, గాలికి లోపలికి తోసుకుపోతాయి.

ఇంత చెప్పినా ఎవరినైనా లాగిందనుకోండి. నీళ్ళు లాక్కుపోతున్నవాళ్ళు ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అట్టా ఈదే అలిసిపోతారు. వెల్లకిలా తేలి, చెయ్యెత్తి పిలిచి, ఈత వస్తే ఒడ్డుకి సమానంగా పక్కకి ఈదాలి, ఆ గాడి సాధారణంగా వెడల్పు ఉండదు, దాటితే అలలే ఒడ్డుకి తోస్తాయి. ఒడ్డునున్నోళ్ళు గబుక్కున దూకేయొద్దు, ఒకరి కోసం ఇద్దరు పొయ్యేది ఇట్టానే. ఆ ఖాళీ క్యాను, తాడు డిక్కీలో పెట్టమన్నది ఇందుకే, క్యానుకి తాడు కట్టి ముందే ఇసకలో పెట్టుకోండి, విసిరితే తేలుతుంది, పట్టుకుంటే లాగొచ్చు. మా ఆవిడ మొదట్లో నవ్వింది, ఇప్పుడు ఆమే గుర్తుచేస్తుంది. కేకేసి బోట్లవాళ్ళని పిలవండి, 108కి ఫోన్ చెయ్యండి.

మిగతా మూడు రోజులు

ఇక్కడ్నించి తేలికే. రెండో రోజు సముద్రంలో స్నానం చేసి, టిఫిను తిని వేటపాలెం. అక్కడ సారస్వత నికేతనం అని 1918లో పెట్టిన లైబ్రరీ ఉంది, ఆ భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు. పాత పత్రికలు బోలెడు. పిలకాయలకి పావుగంటలో బోర్ కొడుతుంది, వాళ్ళకి బయట వేటపాలెం జీడిపప్పు కొనివ్వండి. మధ్యాహ్నం గుళ్ళు మూసేస్తారు కాబట్టి రూములో పడుకోండి, సాయంత్రం బాపట్ల భావనారాయణస్వామి గుడి, రాత్రి అక్కడే.

మూడో రోజు రేపల్లె వైపు. దారిలో పక్కకి తిరిగి భట్టిప్రోలు స్తూపం చూడకపోతే మీ ఇష్టం, కానీ అక్కడ దొరికిన ధాతుపేటికల (బుద్ధుడి అవశేషాలు దాచిన పెట్టెల) మీది బ్రాహ్మీ అక్షరాలు రెండు వేల ఏళ్ళకి పైబడినవి, మన తెలుగు లిపి సంగతి మాట్లాడేటప్పుడు ఆ ఊరి పేరు రాకుండా ఉండదు. తర్వాత పెనుమూడి, పులిగడ్డ మధ్య కృష్ణ మీద పొడుగాటి వారధి, అవనిగడ్డ, బందరు.

బందరులో డచ్చివాళ్ళ సమాధులు చూడండి, రాళ్ళ మీద వాళ్ళ వంశాల గుర్తులు చెక్కి ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే ఇక్కడ వ్యాపారానికి దిగారు. మంగినపూడి బీచ్‌లో ఇసక బదులు నల్లమట్టి, కాళ్ళు తడుపుకుని వచ్చేయండి. అక్కడ్నించి పెడన. మన కాళహస్తిలో కలంకారీ అంటే కలంతో గీసేది, పెడనలో చెక్క అచ్చుల్తో అద్దేది. రెండూ ఒకటే అనుకుని బేరమాడేవాళ్ళని చూసి అద్దకం ఆయన నవ్వుకుంటాడు. బందరు లడ్డు బెల్లంతో చేసే తొక్కుడు లడ్డు, తిరుపతి వాళ్ళం కాబట్టి లడ్డు విషయంలో మనకి కాస్త పొగరుంటుంది, తిని చూశాక మాట్లాడండి.

నాలుగో రోజు ఎక్కడా ఆగకుండా ఇల్లు. దారిలో బండి ఆగిపోతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యండి. ఇంటికొచ్చిన మర్నాడే కారుకి వాటర్ సర్వీస్ చేయించండి, పైపైన కాదు, లిఫ్టు మీద ఎక్కించి అడుగంతా మంచినీళ్ళతో కొట్టమనండి, ఉప్పుగాలికి, తడి ఇసకకి మొదట తుప్పు పట్టేది అక్కడే. మ్యాట్లు మాత్రం మీరే తీసి దులపండి, వాళ్ళు సరిగ్గా దులపరు.