నాటిన ఆకు కుళ్లిపోతోందా? విశాఖ ఇళ్లలో ఆకుల నుంచి పూల మొక్కలు: సమస్యలు, పరిష్కారాలు

ఇంట్లో కుండీల్లో పెంచే చిన్న పూల మొక్క ఆఫ్రికన్ వయొలెట్. దాని ఆకు నాటడం గురించి ఎక్కడ వెతికినా దాదాపు ఒకటే సలహా దొరుకుతుంది: నాటండి, తడపండి, పైన ప్లాస్టిక్ కవరు బిగించి కట్టేయండి. హీటర్ల వల్ల గది గాలి పొడిబారే చలి దేశాల్లో అది మంచి సలహాయే. విశాఖలో మాత్రం గాలి నిండా వద్దన్నా తేమే. వానాకాలంలో ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరని ఊళ్లో ఆకుకు ఊపిరాడకుండా కవరు కడితే అది లోపలే ఉడికిపోతుంది. ఇక్కడ నాటిన ఆకు ఎండి చచ్చేది తక్కువ, కుళ్లి చచ్చేది ఎక్కువ. కింద చెప్పిన వాటిలో సగం ఈ తేడా వల్లే.

ముందు నాటే పద్ధతి సరిగా ఉందో లేదో చూసుకోండి. వయొలెట్‌కి మధ్య వరుస ఆకు తీసుకోవాలి. అట్టడుగు వరుసది ముదిరిపోయి ఉంటుంది, నడిబొడ్డున ఉన్నది మరీ లేత. కాడ 3 సెంటీమీటర్లు ఉంచి, కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోయాలి. కోత ముఖం ఆకు పైభాగం వైపే ఉంటే పిలకలు ముందు వైపు, వెలుతురులోకి వస్తాయి. కడిగిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సమానంగా కలిపి, అడుగున నాలుగు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ టీ గ్లాసులో నింపి, కాడను 1 నుంచి 1.5 సెంటీమీటర్లు మాత్రమే దింపాలి. వేళ్లకు మూడు నాలుగు వారాలు, పిలకలకు రెండు మూడు నెలలు పడుతుంది. తొందరపడి పీకి చూడకండి.

పది రోజుల్లోపే కాడ నల్లబడి జావలా మెత్తబడింది

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. కుళ్లు ఎక్కడ మొదలైందో చూస్తే కారణం తెలిసిపోతుంది.

కోసిన చోట మొదలై పైకి పాకితే మిశ్రమం మరీ తడిగా ఉందన్నమాట, లేదంటే కోసిన పనిముట్టు శుభ్రంగా లేదు. వంటింటి కత్తెర కాడను కోయదు, నలిపేస్తుంది. నలిగిన చోటే బూజు చేరుతుంది. ఆకు అంచున, మిశ్రమానికి తగిలే చోట మొదలైతే ఆకును లోతుగా దింపేశారు. ఆకు మధ్యలో గోధుమ రంగు మచ్చగా మొదలైతే కవరు లోపలి నుంచి బొట్లు కారి దానిమీద నిలిచాయి.

తడి ఎంత ఉండాలో చేత్తోనే తేల్చుకోవచ్చు. మిశ్రమం గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే పేపరు మీద పరిచి పూటంతా ఆరబెట్టండి. ఒక్క చుక్కా రాకపోతే నీళ్లు చిలకరించండి. నాటిన రోజు ఈ తడి సరిగా ఉంటే మొదటి వారం నీళ్లతో పనే లేదు.

కుళ్లిన ఆకును వెంటనే పారేయక్కర్లేదు. లోపల గోధుమ రంగు చార కనబడనంత వరకు, లేత ఆకుపచ్చగా శుభ్రంగా ఉన్న కండ వచ్చేదాకా కాడ కోసుకుంటూ రండి. అరగంట నీడలో ఆరనిచ్చి కొత్త మిశ్రమంలో, కొత్త గ్లాసులో నాటండి. పాత గ్లాసును కడిగి వాడదామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు. కాడ మొత్తం పోయినా ఆశ వదలక్కర్లేదు. ఆకు కింది భాగం కాస్త అడ్డంగా కోసేసి, మిగిలిన ఆకు అంచునే అర సెంటీమీటరు దింపితే నడి ఈనె దగ్గర వేళ్లు వస్తాయి. కాకపోతే కాస్త ఆలస్యమవుతుంది.

మందు విషయంలో ఒక పొరపాటు చాలామంది చేస్తారు. కుళ్లు కనబడగానే కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు పోస్తారు. మొదలు కుళ్లు తెచ్చే వాటిలో రైజోక్టోనియా లాంటి శిలీంధ్రాలకు అది పనిచేస్తుంది కానీ, తడిలో బతికే పితియం మీద పనిచేయదు. నానిపోయిన మిశ్రమంలో వచ్చే జావ కుళ్లు ఎక్కువగా పితియమే. దానికి తడి తగ్గించడమే అసలు మందు. కోతకు పసుపో దాల్చినచెక్క పొడో అద్దితే తప్పులేదు, కోత త్వరగా ఆరుతుంది. వాటివల్ల వేళ్లు మాత్రం రావు.

ఆకు వాలిపోయింది, కానీ గట్టిగానే ఉంది

మొదటి మూడు రోజులు వాలడం మామూలే. వేళ్లు లేని ఆకు నీళ్లు తాగలేదు కదా. వారం దాటినా లేవకపోతే పైన ఫ్యాన్ తిరుగుతోందా, ఏసీ గాలి నేరుగా తగులుతోందా చూడండి. విశాఖలో కవరు అవసరమయ్యే చోటు ఏసీ గది ఒక్కటే. అక్కడైనా పెన్సిల్ దూరేంత చిల్లులు నాలుగైదు పెట్టి కప్పండి, రోజూ పది నిమిషాలు తీసి ఉంచండి. వేళ్లు పట్టాక కవరు తీసేయండి.

వేళ్లు వచ్చాయి, నెలలు గడిచినా పిలక రాలేదు

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ముందు ఆ మొక్క ఆకు నుంచి వచ్చే రకమేనా అని అడగాలి. గుండె ఆకారంలో ఒక్క ఆకు నాటి అమ్మే హోయా ఉంది చూశారా, దానికి కణుపు ముక్క అంటుకుని లేకపోతే ఆ ఆకు వేళ్లు వేసి, ఏళ్ల తరబడి పచ్చగా ఒంటి ఆకుగానే ఉండిపోతుంది. తీగ రాదు. మందారం, మల్లె కూడా అంతే. వాటికి కణుపున్న కొమ్మ కావాలి. ఆంథూరియం ఆకు కాడ కోసి గ్లాసు నీళ్లలో పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆకు చాలా రోజులు తాజాగా ఉంటుంది, అంతకు మించి ఏమీ జరగదు. ఆకు నుంచి కొత్త మొగ్గ పుట్టించే గుణం కొన్ని మొక్కలకే ఉంది: ఆఫ్రికన్ వయొలెట్, గ్లాక్సీనియా, స్ట్రెప్టోకార్పస్, బిగోనియాలు, పెపరోమియా, కలాంచోలు లాంటివాటికి.

మొక్క సరైనదే అయితే హార్మోన్ పొడి మీద అనుమానపడండి. ఐబీఏ పొడి వేళ్లు రప్పించే ఆక్సిన్ అనే హార్మోన్. అదే ఎక్కువైతే మొగ్గ పుట్టడాన్ని అణచివేస్తుంది. కొమ్మలకు వాడే పొడిని ఆకు కాడకు దట్టంగా పూస్తే గుబురుగా వేళ్లు, సున్నా పిలకలు. వయొలెట్‌కి హార్మోన్ అవసరమే లేదు.

మూడో కారణం సుఖంగా ఉన్న తల్లి ఆకు. బలంగా ఉన్న పెద్ద ఆకు తన పెరుగుదల తను చూసుకుంటుంది, పిల్లల సంగతి పట్టించుకోదు. మూడు నెలలు దాటితే శుభ్రమైన బ్లేడుతో ఆకు పైభాగం మూడో వంతు అడ్డంగా కోసేయండి. చాలాసార్లు నెలలోపే పిలక ముక్కు బయటపెడుతుంది. కాడ పొడవు ఎక్కువైనా, లోతుగా నాటినా పిలక పైకి రావడానికే వారాలు పడుతుంది.

ఇక వెలుతురు, వేడి. అపార్ట్‌మెంట్ వంటింటి కిటికీలో వెలుతురు సరిపోక ఆకు ఊరికే బతుకుతూ ఉంటుంది. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు కింద అడుగు దూరంలో, రోజుకు 12 గంటలు ఉంచితే చాలు. వేడిది ఇంకో సంగతి. వయొలెట్ పుట్టిల్లు టాంజానియా, కెన్యా కొండల నీడ. 18 నుంచి 26 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది. విశాఖలో మే నెల రాత్రులు కూడా 28 దగ్గర ఉక్కపోస్తుంటే పిలక పుట్టే పని ఆగిపోతుంది. అందుకే ఇక్కడ తుపాను వానలు తగ్గి, కార్తీకం వెళ్లాక నాటడం మొదలుపెట్టి శివరాత్రిలోపు ముగించాలి. ఏప్రిల్‌లో నాటిన ఆకులకు ఎన్ని చిట్కాలు చేసినా నష్టమే ఎక్కువ.

తల్లి ఆకు పూర్తిగా ఎండిపోయింది

గ్లాక్సీనియా అయితే ఆగండి! గ్లాసు పారేయొద్దు. ఈ మొక్క ముందు కాడ మొదట్లో శనగ గింజంత దుంప కడుతుంది. ఆ తర్వాత ఆకు ఎండిపోయినా దుంప బతికే ఉంటుంది. వేలితో మెల్లగా తవ్వి చూడండి, గట్టి గోళీలా తగిలితే అదే. మిశ్రమం దాదాపు పొడిగా ఉంచి, వారానికోసారి అంచున చెంచాడు నీళ్లు పోస్తూ ఓపిక పట్టాలి. మొలకెత్తడానికి నెలలే పట్టవచ్చు. దుంప నొక్కితే మెత్తగా ఉంటే మాత్రం పోయినట్టే.

కలాంచో ఆకు ఎండిపోతే కారణం వేరు. రణపాల ఆకును మట్టి మీద పడేస్తే అంచుల గంట్ల నుంచి పిల్లలు వస్తాయి, బడి పిల్లలకు కూడా తెలుసు. అది చూసి చలికాలంలో నర్సరీల్లో గుత్తులుగా పూసే కలాంచో ఆకును కూడా అలాగే పడేస్తారు. దానికి అంచుల నుంచి రావు. ఆకును కాడతో సహా, కాండాన్ని అంటుకున్న చోటు నుంచి తెగిపోకుండా విరిచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, మొదలు మాత్రమే మిశ్రమంలో గుచ్చాలి. నిజానికి కలాంచోకి కొమ్మ చివర నాటుకోవడమే తేలిక.

రెక్స్ బిగోనియా ముక్కల్లో రెండే బతికాయి

బిగోనియాలో మొలక ఈనె తెగిన చోట పుడుతుంది. ఈనె లేని ముక్క ఎంత పెద్దదైనా వృథా. ఆకు మధ్యలో ఈనెలన్నీ కలిసే చోటు నుంచి, ఒక్కో ముక్కలో ఒక లావు ఈనె ఉండేలా పిజ్జా ముక్కల్లా కోయండి. ఈనెలు కలిసే మొన కిందికి ఉండేలా సెంటీమీటరు లోతు గుచ్చండి. ఆకు మొత్తంగా పరిచే పద్ధతిలో వెనక లావు ఈనెలను నాలుగైదు చోట్ల కోసి, ఆ వైపు కిందికి పెట్టి, కోతలు మిశ్రమానికి ఆనేలా చిన్న గులకరాళ్లు ఉంచాలి. పైకి లేచిన చోట ఏమీ రాదు.

అరకు నుంచి తెచ్చిన బిగోనియా ఇక్కడ దిగాలుగా ఉంటే అది మీ తప్పు కాదు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, రాత్రి చల్లదనం వేరు. అలసి ఉన్న మొక్క నుంచి ఆకులు కోయకండి. రెండు మూడు వారాలు ఇంట్లో కుదుటపడి కొత్త ఆకు వేశాక కోయండి.

మిశ్రమం మీద తెల్లటి పొర, గ్లాసు అంచుకు తగిలిన కాడ కాలినట్టు ఉంది

అది ఉప్పు. రెండు దారుల్లో వస్తుంది. కడగని కోకోపీట్ ఒకటి. 650 గ్రాముల ఇటుక నానితే బకెట్‌లో సగానికి పైగా అవుతుంది. దాన్ని మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చి పిండాలి. మొదటిసారి డికాషన్ రంగులో వచ్చే నీళ్లు చివరికి లేత టీ రంగుకు రావాలి. రెండోది నీళ్లు. తీరానికి దగ్గరలో చాలా బోర్ల నీళ్లు ఉప్పన. వాటికి బదులు వాన నీళ్లు గానీ, ఏసీ పైపు నుంచి కారే నీళ్లు గానీ పట్టి వాడండి. బీచ్ ఇసుక కలపడం గురించి అసలు ఆలోచించొద్దు. ఇసుకే కావాలంటే కడిగిన ఏటి ఇసుక.

పొర వచ్చేసి ఉంటే పై అర సెంటీమీటరు గీకి తీసేసి, గ్లాసు పట్టే నీళ్లకు మూడు రెట్లు మెల్లగా పోసి కిందికి కారనివ్వండి. సముద్రం కనబడే బాల్కనీలో పెట్టినవాటికి ఉప్పు గాలి కూడా తగులుతుంది. పైగా ఇక్కడ సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఉదయం ఎండ సూటిగా పడుతుంది. గాజు తలుపుకు లోపలి వైపు, పల్చటి కర్టెన్ వెనక పెట్టండి.

ఆకు మీద వలయాల్లా పాలిపోయిన గీతలు

తెగులు కాదు. ఆకు వెచ్చగా ఉన్నప్పుడు చల్లటి నీళ్లు పడితే వయొలెట్, గ్లాక్సీనియా ఆకుల్లో ఇలా జరుగుతుంది. ఏసీ నీళ్లు పట్టీ పట్టగానే పోయకండి, గది వేడికి వచ్చేదాకా ఉంచండి. గీతలు పోవు, ఆకు పనికొస్తుంది.

చిన్న నల్ల ఈగలు ఎగురుతున్నాయి

ఎప్పుడూ తడిగా ఉండే కోకోపీట్‌లో గుడ్లు పెడతాయి. ఎదిగిన ఈగ హాని చేయదు, గుడ్డు నుంచి వచ్చే దాని పిల్ల పురుగు కొత్త వేళ్లు తింటుంది. పై సెంటీమీటరు పొడిబారనిచ్చి, నీళ్లు కింది సాసరులో పోసి అరగంటకు మిగిలినవి పారబోయండి. పసుపు జిగురు అట్ట ఒకటి పక్కన గుచ్చండి. వానాకాలంలో వీటిని పూర్తిగా వదిలించుకోవడం కష్టం, తగ్గించుకోవడం వరకే.

పిలకలు విడదీశాక వాడిపోయాయి

చిన్నగా ఉన్నప్పుడే విడదీశారు. పిలక ఆకులు కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలి, నాలుగైదు ఆకులైనా రావాలి. గ్లాసు మొత్తం తలకిందులు చేసి, మిశ్రమం వదులు చేశాక వేళ్లు చిక్కు విప్పండి. లాగకండి. ఒక్కో పిలకను 5, 6 సెంటీమీటర్ల కుండీలో పెట్టండి. పెద్ద కుండీ పెడితే తడి ఆరక మళ్లీ కుళ్లే. ఎరువు మొదటి మూడు వారాలు వద్దు. ఆ తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు పావు గ్రాము, పదిహేను రోజులకోసారి. తల్లి ఆకు ఇంకా గట్టిగా ఉంటే మళ్లీ నాటుకోవచ్చు, రెండో కాపు కూడా ఇస్తుంది.

పిల్ల మొక్క పువ్వు తల్లిలా లేదు

రేకు మీద చక్రంలా రెండు రంగుల చారలున్న వయొలెట్లు రెండు రకాల కణాలు పొరలుగా కలిసిన మొక్కలు. ఆకు నుంచి పుట్టే పిలక సాధారణంగా ఆ పొరల్లో ఒక దాని నుంచే వస్తుంది, అందుకే చార పోతుంది. తెల్ల అంచు ఆకుల పెపరోమియాలు పచ్చగా మారడం కూడా ఇలాంటిదే. నాటడంలో లోపం వెతక్కండి. చారల వయొలెట్ కావాలంటే తల్లి మొక్క మొదట్లో వచ్చే పక్క పిలకను కోసి నాటాలి. దానికోసం కొంతమంది తల్లి తలనే తుంచేస్తారు. ఒక్కటే మొక్క ఉంటే ఆ సాహసం చేయకండి.