ఊరి ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్: ఎంత కలపాలి, ఎక్కడ పరీక్షించాలి

ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయి హైదరాబాద్ దాహం తీర్చాయి. చుట్టుపక్కల పల్లెలు మాత్రం చాలాకాలం బావులు, బోర్ల మీదే నెట్టుకొచ్చాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కతో కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధి చేసి ఊళ్లకు పంపుతోంది. ఊరి ట్యాంకు నుంచి నల్లా దాకా చూసుకోవాల్సింది పంచాయతీ. నీళ్లు పాడయ్యేది కూడా ఎక్కువగా ఆ దారిలోనే.

భగీరథ నీళ్లు క్లోరిన్‌తోనే వస్తాయి. కాబట్టి ట్యాంకులోకి పడే నీళ్లను ముందు పరీక్షించండి. లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉంటే ఏమీ కలపక్కర్లేదు. ఎండాకాలం కొరత వచ్చి బోరు నీళ్లు కలిపితే మాత్రం లెక్క మారుతుంది. బోరు నీళ్లకు లీటరుకు 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టవచ్చు. 40,000 లీటర్ల ట్యాంకు నిండా బోరు నీళ్లే అయితే 80 గ్రాముల క్లోరిన్ కావాలి. పౌడర్‌లో క్లోరిన్ 25 శాతం ఉంటే 320 గ్రాములు తూచాలి. గుప్పెళ్ల లెక్క వద్దు, కిరాణా కొట్టు త్రాసు చాలు.

పౌడర్‌ను ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పావు వంతు నింపి బాగా తిప్పండి. ఇనుప బకెట్ తుప్పు పడుతుంది. పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లనే ట్యాంకులో పోయాలి. అదీ మోటారు నడుస్తూ, ట్యాంకు మూడో వంతు నిండినప్పుడు పోస్తే పడే నీటి ధారకే కలిసిపోతుంది. పొడిని నేరుగా చల్లినా, మూట కట్టి వేలాడదీసినా ఒకచోట ఘాటుగా, మరోచోట సున్నాగా ఉంటుంది. కలిపాక కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పండి.

పరీక్ష ట్యాంకు కింద చేసి సరిపెట్టుకోవడం మామూలే, కానీ దాంతో తెలిసేది తక్కువ. లైనులో చిట్టచివరి ఇంటి నల్లాను రెండు నిమిషాలు వదిలి, ఆ నీళ్లు పట్టండి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. క్లోరిన్‌ను చూపే ఆర్థోటాలిడిన్ అనే మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, దాన్ని వెంటనే చూడాలి. ఆలస్యమైతే అప్పటికే మురికితో కలిసి సత్తువ తగ్గిన క్లోరిన్ కూడా రంగిచ్చి అంకె పెరుగుతుంది. ఆ మందు విషపూరితం, పరీక్షించిన నీళ్లు పారబోయండి. క్లోరిన్ పరీక్షకే వాడే మరో మందు, డీపీడీ మాత్రతో గులాబీ రంగు వస్తుంది. ఘాటు వాసన ఉన్నా రంగు రాకపోతే క్లోరిన్ మరీ ఎక్కువై రంగును కొట్టేసిందేమో అనుమానించాలి. క్లోరిన్ లేని శుభ్రమైన నీళ్లు కలిపి పలచన చేసి మళ్లీ చూడండి.

ట్యాంకు దగ్గర 0.5 ఉండి చివర సున్నా వస్తోందా? పౌడర్ పెంచడం తర్వాతి మాట. వీధి వీధికీ పరీక్షిస్తూ వెళ్తే అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతోందో తెలుస్తుంది. అక్కడ మోరీ దాటే పైపు, మురుగు నిలిచిన వాల్వు గుంత, నల్లాకు నేరుగా బిగించిన మోటారు ఉన్నాయేమో చూడండి. అన్నిటికన్నా మొండిది గుంతలో పెట్టిన నల్లా. ప్రెషర్ చాలక గుంత తవ్వి కిందికి దించుకుంటారు. సరఫరా ఆగగానే ఖాళీ అయిన పైపు ఆ గుంతలోని మురికిని లోపలికి లాగేస్తుంది. నల్లాను నేల మట్టం కన్నా పైకి తేవాలి. ఆ వీధికి విడిగా వాల్వు పెట్టి వంతులవారీగా వదిలితే ప్రెషర్ కూడా వస్తుంది.

పైపులు బాగుండీ అంకె రాకపోతే పౌడర్‌నే అనుమానించండి. గడ్డకట్టి, ఘాటు తగ్గితే సత్తువ పోయినట్టే. మూత బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ములో, ఎండ తగలని గదిలో, యాసిడ్, డీజిల్‌కు దూరంగా ఉంచాలి. ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటే మే నెలకల్లా మిగిలేది ఎక్కువగా సున్నమే.