సీజన్ టోటల్ బేసెస్ జాబితాను తప్పు లేకుండా తయారు చేయడం ఎలా?

బేస్‌బాల్‌లో ఒక బ్యాటర్ తన హిట్లతో సంపాదించిన బేసుల (మైదానం చుట్టూ ఉండే నాలుగు మజిలీల) మొత్తమే టోటల్ బేసెస్. ఈ పనికి సీజన్ ముగిశాక వెలువడిన మేజర్ లీగ్ (అమెరికాలోని అగ్రస్థాయి బేస్‌బాల్) బ్యాటింగ్ గణాంకాలు, గీతల కాగితం, పెన్సిలు చాలు. కంప్యూటర్‌లో ఒక సూత్రం రాసి కిందికి లాగితే సరిపోదా అనేవారున్నారు కానీ, కనీసం మొదటి పదిమందినైనా చేత్తో లెక్కించాల్సిందే.

ఒక్కొక్క ఆటగాడి పేరు పక్కన హిట్లు (బంతిని కొట్టి సురక్షితంగా బేసు చేరినవి), డబుల్స్, ట్రిపుల్స్, హోమ్ రన్లు రాసుకోండి. వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా దక్కే మొదటి బేసు), దొంగిలించిన బేసులు (హిట్ లేకుండానే పరుగెత్తి చేరినవి), ఫీల్డర్ తప్పిదం వల్ల దక్కినవి ఇందులోకి రావు. క్రికెట్‌లో ఎక్స్‌ట్రాలు బ్యాటర్ ఖాతాలో పడనట్టే ఇదీను.

ఇక అసలు చిక్కు. సింగిల్‌కు ఒకటి, డబుల్‌కు రెండు, ట్రిపుల్‌కు మూడు, హోమ్ రన్‌కు నాలుగు బేసులని అందరికీ తెలుసు. అయితే హిట్ల గడిలో ఉన్నది సింగిల్స్ సంఖ్య కాదు, డబుల్స్ మొదలు హోమ్ రన్ల దాకా అన్నీ అందులో కలిసే ఉంటాయి. అది మరచి హిట్లకు డబుల్స్‌ను రెండింతలు, ట్రిపుల్స్‌ను మూడింతలు, హోమ్ రన్లను నాలుగింతలు చేసి కలిపేవారిని చూసి చూసి విసిగిపోయాను. 2024లో షోహెయ్ ఒహ్తానీకి 197 హిట్లు, 38 డబుల్స్, 7 ట్రిపుల్స్, 54 హోమ్ రన్లు ఉన్నాయి. ఆ పద్ధతిలో 510 వస్తుంది. 1921లో బేబ్ రూత్ సాధించిన 457ను ఇంతవరకు ఎవరూ దాటలేదు కనుక, అంతకు మించిన మొత్తం వస్తే కాగితం చింపి మళ్లీ మొదలుపెట్టండి.

ప్రతి తప్పూ ఇలా తనంతట తాను బయటపడదు. అదే ఏడాది లూయిస్ అరాయెజ్‌కు 200 హిట్లు, 32 డబుల్స్, 3 ట్రిపుల్స్, 4 హోమ్ రన్లు. తప్పు పద్ధతిలో వచ్చే 289ను చూసి ఎవరికీ అనుమానం రాదు, కానీ సరైన మొత్తం 250 మాత్రమే.

హిట్లలో ప్రతిదానికీ ఒక బేసు ముందే చేరిపోయింది కాబట్టి, హిట్లకు డబుల్స్‌ను ఒకసారి, ట్రిపుల్స్‌ను రెండుసార్లు, హోమ్ రన్లను మూడుసార్లు కలపండి. ఒహ్తానీకి 197, 38, 14, 162 కలిపితే 411. సింగిల్స్‌ను విడదీసి లెక్కించినా ఇదే వస్తుంది గానీ, తీసివేతలు పెరిగేకొద్దీ పొరపాట్లూ పెరుగుతాయి. స్లగ్గింగ్ సగటును (టోటల్ బేసెస్‌ను అట్ బ్యాట్లతో, అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలతో, భాగిస్తే వచ్చేది) అట్ బ్యాట్లతో గుణించడం మరీ అనవసరం: ఒహ్తానీ 0.646ను 636తో గుణిస్తే 410.856 వస్తుంది. అసలు ఆ సగటు పుట్టిందే టోటల్ బేసెస్ నుంచి!

తరువాత పెద్ద మొత్తం నుంచి చిన్నదానికి వరుసగా పేర్చండి. ఇది సగటు కాదు కనుక, సగటుల జాబితాలకు పెట్టే కనీస బ్యాటింగ్ అవకాశాల నిబంధన అక్కరలేదు. 2024లో ఒహ్తానీ తరువాత 392తో ఆరన్ జడ్జ్, 374తో బాబీ విట్ జూనియర్ నిలుస్తారు.

చివరగా, మేజర్ లీగ్‌లో అమెరికన్, నేషనల్ అని రెండు లీగులున్నాయి కనుక, జాబితా ఒక్క లీగ్‌దా, రెండింటిదా అన్నది పైన రాయండి. 1997 జులై 31న మార్క్ మెక్‌గ్వైర్ అమెరికన్ లీగ్‌లోని ఓక్లాండ్ నుంచి నేషనల్ లీగ్‌లోని సెయింట్ లూయిస్‌కు మారాడు; ఆ ఏడాది ఆయన 349 బేసులు రెండు లీగుల ఉమ్మడి జాబితాలోనే నిలుస్తాయి, విడి జాబితాల్లో ఏ లీగ్‌లో కొట్టినవి ఆ లీగ్‌కే రాయాలి.