పోటీ ముందు పిల్లకి జలుబు చేస్తే: ఆండ్రియా రదుకాన్ కథ నుంచి నేను నేర్చుకున్న జాగ్రత్తలు

మా పాపకి పన్నెండేళ్ళు, జిమ్నాస్టిక్స్‌లో చేరి అయిదేళ్ళయింది. పోయిన కార్తీకంలో చుట్టాలందరితో కలిసి అరకు పిక్నిక్‌కి వెళ్ళొచ్చాం, వచ్చిన రాత్రి నుంచే దానికి ముక్కు దిబ్బడ, ఆగకుండా దగ్గు. విజయవాడలో రాష్ట్రస్థాయి పోటీకి ఇంకా నాలుగు రోజులే ఉంది. వీధి చివర మందుల షాపులో అడిగితే "ఈ సిరప్ పొయ్యండమ్మా, రెండు పూటల్లో తగ్గిపోద్ది" అని ఒక సీసా చేతిలో పెట్టాడు. పోశాను. నిజంగానే తగ్గుతున్నట్టు అనిపించి, ప్రయాణానికి కూడా అదే సీసా బ్యాగులో వేసుకున్నాను.

రత్నాచల్ కోసం వైజాగ్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం డోసు పోద్దామని సీసా తీస్తే, మూతంతా జిగురు కారి లేబుల్ మీద ధూళి పట్టేసి ఉంది. రుమాలు తడిపి తుడిచి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే సన్నటి అక్షరాల్లో మూడు పేర్లు కనపడ్డాయి, మొదటిది టెర్బ్యుటలిన్. ఏదో అనుమానం వచ్చి అక్కడే వెతికాను. క్రీడాకారులకి ఏడాది పొడవునా నిషేధం ఉన్న మందు అది. కాళ్ళు వణికాయి. ఆ పోటీలో డోపింగ్ పరీక్షలేవీ జరగలేదు కాబట్టి మాకేమీ కాలేదు, కానీ నేషనల్స్‌లో అయితే పరిస్థితి వేరు. అందుకే నాలాంటి తల్లిదండ్రుల కోసం ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆండ్రియా రదుకాన్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో వాళ్ళకి "మందు పేరు చదవండి" అని వందసార్లు చెప్పినా ఎక్కనిది ఈ అమ్మాయి కథ ఒక్కసారి చెబితే ఎక్కుతుంది. 2000 సెప్టెంబరు 19 మన ఉత్తరాంధ్ర వాళ్ళకి బాగా గుర్తుండాల్సిన తేదీ, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన మన కరణం మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం గెలిచిన రోజు. అదే రోజు అదే సిడ్నీలో రొమేనియా అమ్మాయిల జిమ్నాస్టిక్స్ జట్టు బంగారం గెలిచింది, 1984 తర్వాత ఒలింపిక్స్‌లో వాళ్ళకి జట్టు బంగారం రావడం అదే మొదలు. ఆ జట్టులోని అమ్మాయే రదుకాన్. పదహారేళ్ళు, 37 కిలోల బరువు. బర్లాద్ అనే ఊళ్ళో పుట్టి, దేవా అనే ఊళ్ళోని జాతీయ శిక్షణ కేంద్రంలో ఒక్తావియన్ బెల్లు, మరియానా బితాంగ్‌ల దగ్గర తయారైంది. అప్పటికే 1999 ప్రపంచ పోటీల్లో ఫ్లోర్ (నేల మీద చేసే విన్యాసాలు) ఛాంపియన్.

రెండు రోజుల తర్వాత ఆల్‌రౌండ్ (అన్ని విభాగాలూ ఒక్కరే చేసే పోటీ) ఫైనల్ కూడా తనే గెలిచింది. 1976లో నాదియా కొమనేచి తర్వాత ఒక రొమేనియా అమ్మాయికి ఆ పతకం రావడం అదే మొదటిసారి, పైగా రెండో స్థానంలో సిమోనా అమనార్, మూడో స్థానంలో మరియా ఒలారు, ముగ్గురూ వాళ్ళే. అయితే ఆ పోటీకి ముందు రదుకాన్‌కి జలుబు చేసి ఉంది, వాళ్ళ జట్టు డాక్టరే ఒక మామూలు జలుబు మాత్ర ఇచ్చాడు. అందులో సూడోఎఫిడ్రిన్ ఉంది, అప్పటి నిషేధ జాబితాలో ఉన్న మందు. పరీక్షలో బయటపడింది, బంగారం వెనక్కి తీసుకున్నారు. అప్పీలు చేస్తే సెప్టెంబరు 28న క్రీడల న్యాయస్థానం కూడా కుదరదంది. ఇంకో రెండు రోజులకి ఆ పిల్లకి పదిహేడు నిండాయి. డాక్టర్‌ని తర్వాతి రెండు ఒలింపిక్స్‌కి రానివ్వకుండా నిషేధించారు, జట్టు బంగారం, వాల్ట్ (పరుగెత్తి బల్ల మీదుగా దూకే విభాగం) రజతం మాత్రం తన దగ్గరే ఉంచారు, కానీ ఆల్‌రౌండ్ బంగారం మాత్రం మళ్ళీ తన చేతికి రాలేదు.

ఇక్కడ మనం పట్టుకోవాల్సింది ఒకటే. మందు ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నది పతకం విషయంలో లెక్కలోకి రాదు. ఒంట్లో దొరికితే బాధ్యత ఆడే మనిషిదే. డాక్టర్ ఇచ్చాడన్నా, అమ్మ ఇచ్చిందన్నా అంతే.

ఇక మనం చెయ్యాల్సినవి. మాత్ర గానీ సిరప్ గానీ ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దానితో మనకి పని లేదు. వెనక్కి తిప్పితే "కంపోజిషన్" అని ఉంటుంది, దాని కింద ఉన్న ప్రతి పేరూ చదవాలి. మొదటి పేరు చూసి ఆపెయ్యకండి, జలుబు మందుల్లో మూడు నాలుగు కలిపి ఉంటాయి, నిషేధం ఉన్న మందు చివర్లో ఉండొచ్చు. షాపులో అట్ట కత్తిరించి నాలుగు మాత్రలే ఇస్తే పేర్లున్న ముక్క వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది, కాబట్టి అట్ట మొత్తం తీసుకోండి, లేదంటే అక్కడే ఫోటో తీసుకోండి. ఒకే పేరుకి చివర ఒక అక్షరమో చిన్న మాటో చేర్చి రెండు మూడు రకాలు అమ్ముతారు, లోపల మందులు మాత్రం మారిపోతాయి, అందుకని "పోయినసారి ఇదే వాడాం కదా" అని నమ్మొద్దు.

జలుబు దగ్గుల్లో గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు మరీ ఎక్కువేం కాదు. సూడోఎఫిడ్రిన్, ఎఫిడ్రిన్: పోటీ సమయంలో మూత్రంలో ఒక మోతాదు దాటితే నిషేధం, సూడోఎఫిడ్రిన్‌కి ఆ హద్దు మిల్లీలీటరుకి 150 మైక్రోగ్రాములు. దాన్ని పోటీకి కనీసం 24 గంటల ముందు ఆపాలని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా చెబుతుంది, కానీ ఒంట్లోంచి ఎంత త్వరగా పోతుందో మనిషిని బట్టి మారుతుంది కాబట్టి మా ఇంట్లో పోటీ ఉన్న వారమంతా దాని జోలికే వెళ్ళం. టెర్బ్యుటలిన్: కఫం దగ్గుకి మన దగ్గర అమ్మే చాలా సిరప్‌లలో ఉంటుంది, పోటీ ఉన్నా లేకపోయినా నిషేధమే. సాల్బుటమాల్ సంగతి కొంచెం వేరు, ఇన్‌హేలర్‌గా హద్దు లోపల వాడొచ్చు, సిరప్‌గానో మాత్రగానో వాడకూడదు. ఆస్తమా ఉన్న పిల్లలుంటే ఈ ఒక్క తేడా డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోండి. మరి ఏవి వాడొచ్చంటే పారాసిటమాల్, సెట్రిజిన్ జాబితాలో లేవు, ఫినైలెఫ్రిన్ కూడా నిషేధంలో లేదు, ముక్కులో వేసే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలకీ అనుమతి ఉంది. పిల్లల వయసుకి ఎంత వెయ్యాలన్నది మాత్రం డాక్టరే చెప్పాలి, నేను చెప్పేది నిషేధం సంగతి మాత్రమే.

ఈ జాబితా శాశ్వతం కాదు. రదుకాన్ పతకం పోగొట్టిన సూడోఎఫిడ్రిన్‌నే 2004లో జాబితాలోంచి తీసేశారు, మళ్ళీ 2010లో చేర్చారు. ఏటా జనవరి 1న కొత్త జాబితా అమల్లోకి వస్తుంది, కాబట్టి సంక్రాంతి సెలవుల్లో ఒక పూట కూర్చుని సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి. మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ళ "నో యువర్ మెడిసిన్" యాప్‌లో మందు పేరు కొట్టి చూడొచ్చు. బ్రాండ్ పేరు దొరకకపోతే వెనకున్న పేర్లు ఒక్కొక్కటీ వేసి వెతకండి. దొరకలేదంటే వాడొచ్చని అర్థం కాదు, అప్పుడు డాక్టర్‌నో నాడానో అడగాలి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది మన వాళ్ళ సెలైన్ అలవాటు. వైజాగ్ ఉక్కపోతలో రెండు పూటలా ప్రాక్టీసు చేసిన పిల్ల కాస్త నీరసంగా కనపడితే చాలు, ఇంట్లో పెద్దవాళ్ళు "ఓ గ్లూకోజు బాటిల్ ఎక్కించండి, లేచి కూర్చుంటుంది" అంటారు. మా అత్తయ్య కూడా అదే మాట అంది, ప్రేమతోనే అంది. కానీ నరంలోంచి 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకి మించి ఏది ఎక్కించినా, అది ఉత్త ఉప్పునీరైనా సరే, క్రీడాకారులకి నిషేధం. ఆసుపత్రిలో నిజంగా వైద్యం జరుగుతున్నప్పుడో, ఆపరేషన్‌కో, పరీక్షలకో అయితే మినహాయింపు ఉంది. క్లినిక్‌లో బల్ల మీద పడుకోబెట్టి బలానికని ఎక్కించేది అందులోకి రాదు. మామూలు సెలైన్ సీసా 500 మిల్లీలీటర్లు ఉంటుంది, లెక్క మీకే తెలుస్తుంది. నీరసానికి ఓఆర్ఎస్, మజ్జిగలో ఉప్పు, కొబ్బరినీళ్ళు ఇవ్వండి. అలాగే "త్వరగా తగ్గాలి" అని వేసే ఇంజెక్షన్ ఏమిటో అడక్కుండా వేయించొద్దు. డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఇంజెక్షన్‌గా గానీ మాత్రగా గానీ పోటీ సమయంలో నిషేధం, వాటి జాడ ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది.

"ఆయుర్వేదం కదా, ఏం కాదులే" అనుకోవడం ఇంకో పొరపాటు. ఆయాసానికి, దగ్గుకి ఇచ్చే కొన్ని ఆయుర్వేద మందుల్లో సోమలత ఉంటుంది, అందులో ఉండేది ఎఫిడ్రినే. లేబుల్ మీద మూలికల పేర్లు కూడా చదవండి. ప్రొటీన్ డబ్బాలు, బలం పొడులు అయితే నేను మొత్తానికే ఆపేశాను. రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మన దీపా కర్మాకర్‌కి హైజెనమైన్ అనే పదార్థం వల్ల 21 నెలల నిషేధం పడింది, అది సప్లిమెంట్లలో కనిపించే పదార్థమే. ఆటలో అంత ఎత్తుకి ఎక్కిన మనిషికే అలా జరిగితే, మన పిల్లల విషయంలో మనం ఇంకెంత కనిపెట్టుకుని ఉండాలి.

పోటీకి వారం ముందు జలుబు పట్టుకుంటే నేను చేసేది ఇది. మొదట ఆవిరి, ఉప్పునీళ్ళతో పుక్కిలించడం, రాత్రి పసుపు మిరియాల పాలు, ప్రాక్టీసు సగానికి తగ్గించి బాగా నిద్ర. రెండు రోజుల్లో తగ్గకపోయినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి. గదిలోకి వెళ్ళగానే మొదటి మాటగానే "పాప పోటీల్లో ఆడుతుందండీ, డోపింగ్ పరీక్ష ఉండొచ్చు" అని చెప్పేస్తాను, చీటీ రాసేశాక చెబితే లాభం లేదు. చీటీలో మందుల అసలు పేర్లు రాయమని అడుగుతాను. అడగడానికి మొహమాటపడకండి, విషయం చెబితే చాలామంది డాక్టర్లు ఆలోచించి వేరే మందు రాస్తారు. నిషేధంలో ఉన్న మందే తప్పనిసరి అయితే దానికి ముందుగా అనుమతి అడిగే పద్ధతి ఉంది, టీయూఈ అంటారు, డాక్టర్ కాగితాలన్నీ జతచేసి పంపాలి, ఆఖరి నిమిషంలో అయ్యే పని కాదు. అనుమతికి టైం లేకపోతే పోటీ మానెయ్యండి, అంతేగానీ పిల్లకి అవసరమైన మందు ఆపొద్దు.

కోచ్ బ్యాగులో, తోటి పిల్లల అమ్మల పర్సుల్లో ఎప్పుడూ ఏదో ఒక మాత్ర ఉంటుంది, ఎవరికి ఏ నొప్పి వచ్చినా అందరూ మంచి మనసుతో ఇచ్చేస్తారు. మా పాపకి ఒక మాట నేర్పాను: "ఆంటీ, అమ్మని అడిగి వేసుకుంటాను." అమర్యాదగా ఉండదు, పని జరుగుతుంది. కోచ్ సార్‌కి కూడా నేనే వెళ్ళి చెప్పాను, ఏ మాత్ర ఇవ్వాలన్నా ముందు నాకు ఒక ఫోన్ చెయ్యమని. రదుకాన్ పోగొట్టుకున్నది కూడా సొంత జట్టు మనిషి ఇచ్చిన మాత్రతోనే కదా అని చెబితే ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

పిల్లకి ఈ కథ చెప్పేటప్పుడు సిడ్నీ దగ్గర ఆపెయ్యకండి, భయం మాత్రమే మిగులుతుంది. ఆ మరుసటి ఏడాది, 2001లో, గెంట్ ప్రపంచ పోటీలకి రదుకాన్ మళ్ళీ వచ్చింది, జట్టుతో బంగారం, బీమ్ (సన్నటి దూలం) మీద బంగారం, ఫ్లోర్‌లో బంగారం. 2017లో రొమేనియా జిమ్నాస్టిక్స్ సమాఖ్యకి అధ్యక్షురాలైంది. మా పాప ఈ భాగం వచ్చేసరికి లేచి కూర్చుంటుంది, బీమ్ వీడియో పెట్టమని గోల చేస్తుంది.

ఇక ఒక నోటు పుస్తకం పెట్టుకోండి, చిన్నది చాలు. తేదీ, మందు పేరు, వెనకున్న పేర్లు, ఎన్ని వేశాం, ఎవరు రాశారు. పరీక్షకి పిలిస్తే ఇచ్చే ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు అన్నీ రాయమంటారు, ఆ టెన్షన్‌లో అస్సలు గుర్తు రావు, అప్పుడు ఈ పుస్తకం తీసి చూసి రాయండి. పారాసిటమాల్ వేసినా, ముక్కులో చుక్కలు వేసినా రాయండి. మైనర్ పిల్లలతో ఒక పెద్దమనిషి ఉండే హక్కు ఉంటుంది, మీరు గానీ కోచ్ గానీ తప్పకుండా వెంట ఉండండి. సంతకం పెట్టే ముందు ప్రతి గడీ చదివి, చివర్లో మీకిచ్చే కాపీని మడిచి ఆ నోటు పుస్తకంలోనే పెట్టుకోండి.