మైక్రోవేవ్: భయం తలుపు దగ్గర, ప్రమాదం గిన్నెలో

మైక్రోవేవ్ అనగానే చాలామందికి రేడియేషన్ భయం. లోపల పుట్టే తరంగాల ఫ్రీక్వెన్సీ సుమారు 2450 మెగాహెర్ట్జ్. ఎక్స్‌రేల్లా డీఎన్‌ఏని దెబ్బతీసే శక్తి వాటికి లేదు, పదార్థాన్ని వేడెక్కిస్తాయంతే. స్విచ్ ఆగితే అవీ ఆగుతాయి, అన్నంలో ఏమీ మిగలదు. బయటికి లీకైతే మాత్రం ఒళ్లు కాలే అవకాశం ఉంది కాబట్టి, పొయ్యి నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదని ప్రమాణం. దూరం జరిగేకొద్దీ అది ఇంకా పడిపోతుంది.

అందుకే చూడాల్సింది తలుపునే. కీళ్లు వదులయ్యాయా, గొళ్లెం విరిగిందా, అద్దం లోపలి జాలీ చిరిగిందా, అంచు వంగిందా? వీటిలో ఏది కనిపించినా, తలుపు తీసినా లోపల తిరుగుతూనే ఉన్నా వాడకం ఆపేయండి. ఫోన్ లోపల పెట్టి రింగైతే లీకు అనే పరీక్ష పనికిరాదు. ఫోన్ అతి బలహీనమైన సిగ్నల్‌నూ పట్టుకుంటుంది. కవర్ విప్పి మీరే బాగుచేయాలని చూడొద్దు. లోపలి కెపాసిటర్‌లో ప్లగ్ తీసేశాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండొచ్చు.

ఇళ్లలో నిజంగా జరిగేవి కాలిన గాయాలు. కప్పులో మంచినీళ్లు ఎక్కువసేపు పెడితే ఒక్కోసారి బుడగ రాకుండానే మరిగే వేడిని దాటిపోతాయి. బయటికి తీసి కాఫీ పొడి వేయగానే ఒక్కసారిగా ఎగసి ముఖం మీద పడతాయి. పెట్టే ముందే చెక్క చెంచా వేసి, అయ్యాక అర నిమిషం లోపలే ఉంచి, ఆ తర్వాత తీయండి. పెంకుతో గుడ్డు పెట్టొద్దు, పగులుతుంది. వంకాయ, బంగాళాదుంపలకు ఫోర్కుతో నాలుగు పోట్లు పొడవండి. నూనెలో వేయించడం అసలు వద్దు.

గిన్నెల సంగతి. స్టీలు, అల్యూమినియం, జరీ గీత ఉన్న పింగాణీ, పార్శిల్ ఫాయిల్ డబ్బా, ప్యాకెట్ పిన్ను ఇవన్నీ బయటే. ఖాళీ పొయ్యి నడిపినా తరంగాలను పుట్టించే భాగం, మాగ్నెట్రాన్, చెడిపోవచ్చు. గోడ పక్కన బూడిదరంగు రేకులా ఉండే మైకా పలక మీద పులుసు చిట్లి మాడితే అక్కడే నిప్పురవ్వలు; రోజూ తడిగుడ్డతో తుడిస్తే సరి. ప్లాస్టిక్ అయితే అడుగున 5 అంకెతో పాటు మైక్రోవేవ్ గుర్తు ఉన్నదే తీసుకోండి. పెరుగు డబ్బాలు, మెలమైన్ ప్లేట్లు వద్దు. మైక్రోవేవ్‌కు పనికొచ్చే గాజు గిన్నె ఉంటే ఈ లెక్కలన్నీ అక్కర్లేదు.

తిండి వేడి చేసేటప్పుడు పొరపాటు ఎక్కువ. తరంగాలు 2, 3 సెంటీమీటర్ల లోతుకే బలంగా వెళ్తాయి, పైగా అన్నిచోట్లా సమంగా పడవు. అంచు పొగలు కక్కుతుంటే పప్పు నడుమ చల్లగా ఉంటుంది. మూత వదులుగా పెట్టి, సగం సమయానికి కలిపి, అయ్యాక 2 నిమిషాలు ఆగి, నడిమధ్య వేడి చూడండి. 74 డిగ్రీలు ఉండాలి. పసిపిల్లల పాలసీసా ఇందులో పెట్టకపోవడమే మంచిది. బయట గోరువెచ్చగా ఉన్నా లోపల నోరు కాల్చే మరుగు ఉంటుంది. వేడినీళ్ల గిన్నెలో నిలబెడితే చాలు.

రాత్రి మిగిలిన అన్నం గట్టు మీదే ఉండిపోయి పొద్దున మైక్రోవేవ్‌లో వేడి చేస్తే బాగైపోతుందనుకోవద్దు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విడిచే, వాంతులు తెప్పించే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వండిన అన్నం 2 గంటల లోపు పల్చగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టాలి, తర్వాతే వేడి.

లోపల మంట అంటుకుంటే తలుపు తీయకండి. గాలి తగిలితే మంట పెద్దదవుతుంది. బటన్ ఆపి, అందుబాటులో ఉంటే ప్లగ్ లాగేసి, ఆరేవరకు చూస్తూ ఉండండి.