స్ప్రింగ్ సుత్తి రోబో: బిగించే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

వరంగల్ ఎన్ఐటీలో జరిగే టెక్నోజియాన్ లాంటి టెక్నికల్ ఫెస్టులు దగ్గర పడ్డాయంటే హన్మకొండ, కాజీపేట హాస్టళ్లలో ఒకదాన్నొకటి కొట్టుకునే పోటీ రోబోల పని ఊపందుకుంటుంది. తిరిగే బ్లేడు పెట్టుకున్న టీమ్‌లు దాన్ని చూసి ఎలాగూ దూరంగానే ఉంటాయి. నా టెన్షన్ అంతా చిన్న రోబోకు స్ప్రింగ్ సుత్తి పెట్టే పిల్లల గురించే. బిగిసి ఉన్న స్ప్రింగ్ కదలదు, చప్పుడు చెయ్యదు. బ్యాటరీ పీకేసినా దాని బలం దానిలోనే ఉంటుంది. 'పవర్ ఆఫ్ చేశాం కదా' అని చెయ్యి పెట్టే క్షణమే అన్నిటికన్నా ప్రమాదం.

ముందు కాగితం మీద లెక్క వెయ్యండి. ఒక్కో మిల్లీమీటరు సాగడానికి 2 న్యూటన్ల బలం పట్టే స్ప్రింగ్‌ను 80 మిల్లీమీటర్లు సాగదీస్తే, పట్టి ఉంచడానికి 160 న్యూటన్లు, అంటే దాదాపు 16 కిలోల బలం కావాలి. అందులో నిలవ ఉండే శక్తి 6.4 జౌల్స్. కిలో బరువు 65 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వేలి మీద పడినట్టే. సాగదీత రెట్టింపైతే శక్తి నాలుగింతలు అవుతుంది.

స్ప్రింగ్ ఎంపికలో చాలామంది తొందరపడతారు. పాత బైకు సైడ్ స్టాండ్ స్ప్రింగులు చవగ్గా దొరుకుతాయి, కానీ తుప్పు గుంటలున్నా, కొక్కెం అరిగి ఉన్నా పక్కన పెట్టండి. సాగే స్ప్రింగ్ ఎక్కువగా కొక్కెం వంపు దగ్గరే తెగుతుంది, తెగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే నేను నొక్కుడు స్ప్రింగ్‌నే ఎంచుకోమంటాను. దాని మధ్యలో ఉక్కు కడ్డీ దూర్చితే పక్కకు వంగదు, విరిగినా ముక్కలు కడ్డీ మీదే ఉంటాయి. పొడవు ఎక్కువైందని సగానికి కోస్తే గట్టిదనం రెట్టింపవుతుంది, మీ పాత లెక్క పనికిరాదు. తీగ మందం 2 మిల్లీమీటర్ల నుంచి 2.5కు మారినా, మిగతా కొలతలు అవే ఉంటే, గట్టిదనం దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. స్ప్రింగ్‌కు వెల్డింగ్ మాత్రం అసలు వద్దు. వేడికి ఉక్కుకు పెట్టిన పదును (టెంపర్) పోయి, ఏదో ఒక దెబ్బకు అక్కడే విరుగుతుంది.

సుత్తిని వెనక్కి లాగడానికి గేర్ మోటారు, నత్త ఆకారపు క్యామ్ (తిరుగుతూ సుత్తిని మెల్లగా లాగి, ఒకచోట వదిలేసే చక్రం) పెడుతుంటారు. క్యామ్ అంచు దాటగానే సుత్తి పడుతుంది. పద్ధతి మంచిదే, కానీ క్యామ్ ఎక్కడ ఆగుతోందో చూసుకోండి. సగంలో ఆగితే స్ప్రింగ్ బలమంతా గేర్‌బాక్సులోని చిన్న పళ్ల మీద ఉంటుంది. ఒక్క పన్ను విరిగితే సుత్తి చెప్పకుండా పడుతుంది. దెబ్బ పడ్డాక, స్ప్రింగ్ వదులైన చోటే మోటారు ఆగేలా లిమిట్ స్విచ్ (భాగం ఆ చోటికి వచ్చి తాకగానే పనిచేసే స్విచ్) పెట్టండి.

వదులైనా కొంత బిగువు మిగులుతుంది. విప్పేటప్పుడు వేళ్లు నలిగేది దానివల్లే. స్ప్రింగ్‌ను పట్టే బోల్టు పొడవుగా ఉండాలి. నట్టు పూర్తిగా ఊడేలోపే స్ప్రింగ్ బిగువంతా పోవాలి.

ఇక సేఫ్టీ పిన్ను. రెండు పక్కల పలకల్లోంచీ, సుత్తి చేతిలోంచీ దూరే ఉక్కు పిన్ను ఉండాలి. స్ప్రింగ్ బలంతోపాటు మోటారు లాగుడును కూడా అది తట్టుకోవాలి. త్రీడీ ప్రింట్ పిన్ను, మేకు పనికిరావు. సుత్తి పడే దారిలో చెయ్యి పెట్టకుండా పక్క నుంచి లాగేలా రంధ్రం వెయ్యండి, పిన్నుకు ఎర్ర రిబ్బన్ కట్టండి. రోబో టేబుల్ మీద ఉన్నంతసేపూ పిన్ను లోపలే. అరీనాలో (పోటీ బరిలో) ముందు రిమోట్ ఆన్, తర్వాత రోబోకు పవర్, చివరగా పిన్ను తీయడం. ఆట అయ్యాక అన్నిటికన్నా ముందు పిన్నే పెట్టాలి.

రిమోట్ సిగ్నల్ పోతే ఏమవుతుందో ఇంట్లోనే తేల్చుకోండి. చక్రాలు గాల్లో ఉండేలా కింద చెక్క పెట్టి, సుత్తి మోటారు తిరుగుతుండగా రిమోట్ ఆపండి. అన్ని మోటార్లూ ఆగాలి. ఆగకపోతే ఆ రోబోను బయటికి తీసుకెళ్లొద్దు.

దెబ్బ పరీక్షను హాస్టల్ గదిలో చెయ్యొద్దు. పాలికార్బొనేట్ షీటుతో పెట్టె కట్టుకోండి. యాక్రిలిక్ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ దెబ్బకు పగిలి పెంకులు లేస్తాయి, కాబట్టి షాపులో పేరు పెట్టి అడగండి. సుత్తి కింద ఏమీ లేకుండా పదే పదే కొడితే ఆ శక్తంతా మీ ఇరుసే మింగాలి. సుత్తి వచ్చి ఆగే చోట మందపాటి రబ్బరు ముక్క పెట్టి, కొన్ని దెబ్బలకోసారి బోల్టులు చూడండి. దగ్గరికి వంగి చూడ్డం కన్నా ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకోండి. చుట్టూ ఉన్నవాళ్లందరికీ సేఫ్టీ కళ్లజోళ్లు ఉండాలి, చూడ్డానికి వచ్చిన జూనియర్లకు కూడా.

రోబోలో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బితే వాడొద్దు, సెల్లుకు 4.2 వోల్టులు దాటించొద్దు, ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.

కంట్లో లోహపు ముక్క గుచ్చుకుంటే నలపొద్దు, లాగొద్దు, నీళ్లు కొట్టొద్దు. కన్ను నొక్కకుండా పైన కాగితం కప్పు బోర్లించి టేపు వెయ్యండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, లేదా వరంగల్‌లోని ప్రాంతీయ కంటి ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏ లోహం, ఎంత ముక్క అన్నది డాక్టరుకు చెప్పడానికి, సుత్తి బిగించినవాళ్లు ఒకరు వెంట వెళ్లాలి.