బీచ్ పక్కన వాన నీటి కాలువ మార్చాలంటే: సీఆర్‌జెడ్ అనుమతికి దరఖాస్తు విధానం

విశాఖలో కొండల మీద పడిన వాన ఎక్కువసేపు నిలవదు. గెడ్డల్లోంచి (వాగుల్లోంచి), వీధి కాలువల్లోంచి దిగి, బీచ్ రోడ్డు కింద తూముల్లోంచి సముద్రంలో పడుతుంది. ఆ కాలువ గోడ కూలినా, తూము చాలకపోయినా, మూతి దగ్గర ఇసుక మేట వేసినా వెనకనున్న కాలనీ మునుగుతుంది. పాత కాలువ తీసేసి కొత్తది కట్టమని జనం అడగడంలో తప్పేమీ లేదు. అయితే సముద్రం పక్కన టెండర్ పిలిచి పొక్లెయిన్ దింపితే సరిపోదు. ముందు పర్యావరణ పరిశీలన జరిగి, తీర ప్రాంత నియంత్రణ మండలం (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) కింద, అంటే అందరూ సీఆర్‌జెడ్ అనే నిబంధనల కింద, అనుమతి రావాలి. దానికి దరఖాస్తు ఎలా వెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో విశాఖ ఉదాహరణతో చెబుతాను. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా తీరంలో ఎక్కడైనా నిబంధనలు ఇవే.

దరఖాస్తుదారు ఎవరు

కాలువ ఎవరిదైతే వాళ్లే దరఖాస్తు చేయాలి. నగరంలో అయితే మహా విశాఖ నగర పాలక సంస్థ ఇంజినీరింగ్ విభాగం, మిగతా చోట్ల మున్సిపాలిటీ లేదా పంచాయతీ. కాలనీ సంక్షేమ సంఘం నేరుగా దరఖాస్తు చేయలేదు. సంఘం చేయగలిగింది వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వడం, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పెట్టడం. అర్జీలో ‘మా వీధి మునుగుతోంది’ అని రాసి వదిలేయకండి. ఏ నెలలో, ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయో తేదీలు, ఫొటోలతో రాయండి. కాలువ ఎందుకు మార్చాలో తర్వాత ఇంజినీరు రాసే నివేదికకు అవే ఆధారాలవుతాయి.

ఇంకో సంగతి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో వీధి వాన నీటి కాలువ లేదు. అందుకని దీనికి విడిగా పర్యావరణ అనుమతి అక్కర్లేదు, సీఆర్‌జెడ్ అనుమతి ఒక్కటే కావాలి. ఈ రెండింటినీ కలిపేసుకుని నెలల తరబడి టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉంటారు.

మూతి ఎక్కడ పెడతారన్నదే అసలు ప్రశ్న

పౌర్ణమి, అమావాస్యలప్పుడు వచ్చే పెద్ద పోటుకి నీరు నేల మీద ఎంతవరకు ఎక్కుతుందో దాన్ని హై టైడ్ లైన్ అంటారు. తెలుగులో పోటు గీత అనుకుందాం. సముద్ర తీరంలో ఆ గీత నుంచి 500 మీటర్ల లోపల ఉన్న నేలంతా సీఆర్‌జెడ్ కిందికి వస్తుంది. ఉప్పు నీరు ఎక్కే గెడ్డల గట్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఎండాకాలంలో నీటి లవణత వెయ్యికి 5 పాళ్లు ఉన్న చోటు దాకా గెడ్డ పొడవునా పక్కల కొంత నేల సీఆర్‌జెడ్‌లోదే. 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం 100 మీటర్లు లేదా గెడ్డ వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019 జనవరి 18 నాటి నోటిఫికేషన్ ఆ 100ని 50 చేసింది.

ఈ రెండు నోటిఫికేషన్లలో ఏది చూడాలన్న గందరగోళం చాలా ఫైళ్లలో కనిపిస్తుంది. ఒక ప్రాంతానికి 2019 నిబంధనల ప్రకారం సవరించిన తీర ప్రాంత నిర్వహణ ప్రణాళిక ఆమోదం పొందే వరకు అక్కడ 2011 ప్రణాళికే నడుస్తుందని 2019 నోటిఫికేషనే చెబుతోంది. కాబట్టి దరఖాస్తు మొదలుపెట్టే రోజున మీ చోటికి ఆమోదం పొందిన మ్యాపు ఏదో రాష్ట్ర తీర ప్రాంత నిర్వహణ సంస్థ వెబ్‌సైటులో చూసి, దాని నకలు ఫైల్లో మొదటి కాగితంగా పెట్టుకోండి.

ఇక సీఆర్‌జెడ్‌లోని మండలాల, అంటే జోన్ల సంగతి. బాగా అభివృద్ధి చెందిన పట్టణ ప్రాంతం సీఆర్‌జెడ్-2. బీచ్ రోడ్డు పక్కన ఇళ్లు, హోటళ్లు ఉన్న నేల చాలావరకు ఇందులోకే వస్తుంది. పోటు గీతకూ, నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు ఉండే పాటు గీతకూ (లో టైడ్ లైన్) మధ్య తడిసి ఆరే ఇసుక సీఆర్‌జెడ్-1బి. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, ఇసుక తిన్నెలు, మడ అడవులు సీఆర్‌జెడ్-1ఎ. పాటు గీత దాటితే సముద్రం, అది సీఆర్‌జెడ్-4. వీధిలో మొదలైన ఒకే కాలువ రోడ్డు దాటి ఇసుకలోకి దిగేసరికి రెండు మూడు మండలాలు దాటేస్తుంది.

దీనివల్ల ఫైలు దారే మారిపోతుంది. కాలువ మొత్తం, మూతితో సహా, సీఆర్‌జెడ్-2లోనే ఆగితే నిర్ణయం రాష్ట్ర తీర ప్రాంత నిర్వహణ సంస్థ చేతిలో ఉంటుంది. మూతి తడి ఇసుకలోకి వెళ్తే, రాష్ట్ర సంస్థ సిఫారసు చేశాక ఫైలు ఢిల్లీలో కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పు మంత్రిత్వ శాఖకు వెళ్లాలి. సీఆర్‌జెడ్-1బిలో వాన నీటి కాలువలు వేయడం నోటిఫికేషన్ అనుమతించిన పనుల్లోనే ఉంది కాబట్టి అనుమతి రాదని కాదు, సమయం పడుతుంది. సీఆర్‌జెడ్-1ఎ మీదుగా మాత్రం గీత గీయకండి. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలోంచి కాలువ వేయడానికి దారి వెతకడం కంటే కాలువ దారినే మార్చుకోవడం మంచిది.

నా అభిప్రాయం అడిగితే, మూతిని పోటు గీతకు పైనే ఆపగలరేమో డిజైన్ దశలోనే గట్టిగా ప్రయత్నించాలి. కాగితం పని తగ్గుతుందనే కాదు. మన తీరంలో నైరుతి కాలపు అలలు ఇసుకను ఉత్తరం వైపు నడిపిస్తాయి. విశాఖ ఔటర్ హార్బర్ అడ్డుగోడలు ఆ ఇసుకను ఆపేయడం వల్లే ఆర్కే బీచ్ దగ్గర తీరం కోతకు గురవుతోంది. అందుకే పోర్టు డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకను అక్కడ పోస్తుంటారు. అలాంటి తీరంలో కాంక్రీటు కాలువను ఇసుక మీదికి పొడుచుకొచ్చేలా కడితే అది చిన్న అడ్డుగోడలా పనిచేస్తుంది. ఒక పక్క ఇసుక పేరుకుంటుంది, ఇంకో పక్క కోసుకుపోతుంది. పేరుకున్న ఇసుక చివరికి కాలువ మూతినే మూసేస్తుంది.

కాలువలో పారేది వాన నీరేనా

నోటిఫికేషన్ వాన నీటి కాలువను ఒప్పుకుంటుంది. శుద్ధి చేయని మురుగును సముద్రంలోకి వదలడాన్ని నిషేధిస్తుంది. ఈ రెండు వాక్యాల మధ్యే ఎక్కువ దరఖాస్తులు చిక్కుకుంటాయి. పరీక్ష చాలా సులువు. ఏప్రిల్ నెలలో, వాన పడి వారాలైన తర్వాత వెళ్లి కాలువ చూడండి. నీళ్లు పారుతున్నాయంటే అది వాన నీరు కాదు. పైన ఎక్కడో ఇళ్ల మరుగుదొడ్ల పైపులో, హోటళ్ల వంటగది పైపులో కాలువకు కలిపి ఉన్నాయన్నమాట.

అలా ఉంటే దాచిపెట్టి దరఖాస్తు చేయకండి. ఎండు రోజుల్లో పారే నీటిని కొలవండి, నమూనా తీసి బీఓడీ (నీటిలోని సేంద్రియ మురుగును తెలిపే కొలత), మల కోలిఫారం (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) పరీక్షలు చేయించండి. ఆ మురుగును ఎక్కడ అడ్డగించి భూగర్భ డ్రైనేజీకి మళ్లిస్తారో, అక్కడి నుంచి ఏ శుద్ధి కేంద్రానికి పంపుతారో డ్రాయింగుతో సహా చూపించండి. మళ్లింపు ఏర్పాటు లేకుండా కాలువను మాత్రమే వెడల్పు చేస్తే ఇంకాస్త ఎక్కువ మురుగు ఇంకాస్త వేగంగా బీచ్‌కి చేరుతుంది. పిల్లలు ఆడుకునే ఇసుకలోకే అది వచ్చి పడుతుంది. ఈ విషయంలో ఎవరూ సర్దుకుపోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

జత చేయాల్సిన పత్రాలు

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకునేది సీఆర్‌జెడ్ మ్యాపు. దాన్ని మన సర్వేయర్ గీస్తే చెల్లదు. కేంద్రం గుర్తించిన సంస్థ 1:4000 స్కేలులో తయారుచేయాలి. చెన్నైలోని అన్నా యూనివర్సిటీ రిమోట్ సెన్సింగ్ సంస్థ, తిరువనంతపురంలోని జాతీయ భూ విజ్ఞాన అధ్యయన కేంద్రం అలాంటివే. పోటు, పాటు గీతలు మాత్రం చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం గుర్తించినవే వాడాలి. ఆ మ్యాపు మీద కాలువ దారి, మూతి, తవ్వే హద్దులు, తవ్విన మట్టి తాత్కాలికంగా పోసే చోటు అన్నీ గీయించాలి. చుట్టూ 7 కిలోమీటర్ల మేర అన్ని మండలాలనూ చూపించే 1:25000 మ్యాపు కూడా కావాలి. డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) మొదలుపెట్టిన వారంలోనే దీనికి ఆర్డర్ ఇవ్వడం తెలివైన పని. డిజైన్ అంతా పూర్తయ్యాక మ్యాపు తెప్పించి, అప్పుడు మూతి తప్పు మండలంలో ఉందని తెలుసుకుంటే మళ్లీ మొదటికొస్తారు.

తర్వాతది వేగవంతమైన పర్యావరణ ప్రభావ నివేదిక, అందరూ ర్యాపిడ్ ఈఐఏ అనేది. వానాకాలం కాని ఒక రుతువులో సేకరించిన వివరాలతో, నేల మీదా సముద్రంలోనూ ఉండే ప్రభావం రెండూ చెప్పాలి. తీరం ఒక మోస్తరుగా కోతకు గురయ్యే చోట్ల ఇది చాలదు, సమగ్ర నివేదికే అడుగుతారు. వీటితో పాటు నిర్ణీత నమూనాలో ప్రాజెక్టు వివరాలు, ప్రమాద అంచనా, విపత్తు నిర్వహణ ప్రణాళిక ఉండాలి. విపత్తు ప్రణాళికను వేరే ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టి పెట్టడం చూస్తుంటాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన ఊరిలో అది క్షమించరానిది. తుపాను హెచ్చరిక వస్తే తెరిచి ఉన్న గోతిని ఎవరు మూస్తారు, పాత తూము తీసేశాక నీళ్లు ఏ దారిన పోతాయి, హుద్‌హుద్ తర్వాత వేసిన భూగర్భ విద్యుత్ కేబుళ్లు ఎక్కడున్నాయి, ఇవన్నీ అందులో ఉండాలి.

ఇసుక గురించి ఒక ముక్క. సీఆర్‌జెడ్‌లో ఇసుక తవ్వి తరలించడం నిషేధం. కందకంలోంచి తీసిన బీచ్ ఇసుకను లారీకెత్తి అమ్మకుండా, అదే తీరంలో తిరిగి పరుస్తామని స్పష్టంగా రాయండి.

పోర్టల్‌లో దరఖాస్తు

దరఖాస్తు మొత్తం కేంద్రం నడిపే పరివేశ్ పోర్టల్‌లోనే. సంస్థ పేరుతో రిజిస్టర్ అయి, ముందుగా ఉమ్మడి దరఖాస్తు ఫారం నింపాలి. కాలువ దారిని కేఎంఎల్ ఫైలుగా, అంటే డిజిటల్ మ్యాపు మీద చూపే ఫైలుగా, ఎక్కించాలి. ఆ ఫైలూ సీఆర్‌జెడ్ మ్యాపూ ఒకదానితో ఒకటి అతకకపోతే ఫైలు వెంటనే వెనక్కి వస్తుంది. ఆ తర్వాత సీఆర్‌జెడ్ ఫారం, పత్రాలు. లోటు ఏమైనా ఉంటే పోర్టల్‌లోనే ప్రశ్న వస్తుంది, దాన్ని ఈడీఎస్ అంటారు. రోజూ లాగిన్ అయి చూసే మనిషిని ఒకరిని కేటాయించండి.

పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో రాష్ట్ర సంస్థ తన సిఫారసు ఇవ్వాలి. కేంద్రానికి వెళ్లే ఫైలైతే అక్కడ మరో 60 రోజులు. ‘పూర్తి దరఖాస్తు’ అన్న మాట గమనించండి. ఒక్క పత్రం లోటున్నా ఆ లెక్క మొదలే కాదు.

ఏ నెలల్లో పని

ఇంజినీర్లకు నచ్చే కాలం డిసెంబరు నుంచి మే. తుపాన్లు వెళ్లిపోయి, నైరుతి ఇంకా రాని రోజులు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు విశాఖ ఇసుకలోకి గుడ్లు పెట్టడానికి వచ్చేదీ ఆ కాలంలోనే. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు జీవులు, అంటే చట్టం అత్యధిక రక్షణ ఇచ్చినవి. పెట్టిన గుడ్లు పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది, పుట్టిన పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి. రాత్రి ఫ్లడ్‌లైట్లు వేసి మూతి దగ్గర పని చేస్తే అవి సముద్రం వైపు కాక రోడ్డు వైపు వెళ్తాయి.

కాబట్టి దరఖాస్తులోనే పనిని రెండుగా విడగొట్టి చూపించండి. రోడ్డుకు ఇవతలి పని శీతాకాలంలో. ఇసుక వైపు పని అటవీ శాఖతో మాట్లాడి, గుడ్లు లేవని వాళ్లు నిర్ధారించాక, పగటి పూట మాత్రమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం ఉంటుంది, కానీ సంప్రదాయ తెప్పలు ఆ రోజుల్లోనూ వెళ్తాయి. జాలరిపేట, జోడుగుళ్లపాలెం లాంటి చోట్ల తెప్పలు లాగే దారికి అడ్డం రాకుండా యంత్రాలు ఎక్కడ నిలుపుతారో అక్కడి పెద్దలను ముందే అడిగి, ఆ మాటలను ఫైల్లో పెట్టండి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీలో మత్స్యకారులు సహా స్థానిక సంప్రదాయ తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలని నోటిఫికేషన్ చెబుతోంది. వాళ్లకి తెలియకుండా వెళ్లిన ఫైలు అక్కడికి చేరగానే ప్రశ్నలు మొదలవుతాయి.

అనుమతి తర్వాత, అభ్యంతరం ఉంటే

అనుమతి పత్రంలోని షరతులు కాంట్రాక్టర్ ఒప్పందంలో భాగం కావాలి. లేకపోతే అవి ఆఫీసు అల్మారాలోనే ఉండిపోతాయి. షరతులు ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1న, డిసెంబరు 31న నివేదిక పంపాలి. రాష్ట్ర సంస్థ తన సమావేశాల ఎజెండా, మినిట్స్, అనుమతి పత్రాలు వెబ్‌సైటులో పెట్టాలి. కాలనీవాసులెవరైనా వాటిని చదవొచ్చు, దొరకకపోతే సమాచార హక్కు కింద అడగొచ్చు.

అనుమతి ఇచ్చిన తీరు మీద అభ్యంతరం ఉన్నవాళ్లు చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్‌లో 30 రోజుల్లోపు అప్పీలు వేసుకోవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ట్రైబ్యునల్ ఒప్పుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు. కాలువ మూతి దగ్గర పాత మురుగు పైపు మళ్లీ కలిపినట్టు కనిపిస్తే కోర్టు దాకా వెళ్లక్కర్లేదు. తేదీ కనిపించే ఫొటోతో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, నగర పాలక సంస్థకు ఒకేసారి ఫిర్యాదు ఇచ్చి, రెండు చోట్లా రసీదు తీసుకోండి.